వైజాగ్‌లో చిన్న సిక్లిడ్లు: రామ్‌కి ఎండాకాలం, ఎపిస్టోకి చలికాలం

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో ఉంటాం. రెండడుగుల ట్యాంకు (24×12×12 అంగుళాలు), అపార్ట్‌మెంటు బోరు నీళ్ళు, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) 700, కేహెచ్ (బైకార్బొనేట్ల కొలత) 14. పోయిన డిసెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి సిక్లిడ్ జాతి చిన్న అక్వేరియం చేపలైన జర్మన్ బ్లూ రామ్‌లు తెచ్చాను. రెండుసార్లూ మూడు వారాల్లోపే పోయాయి. మార్చిలో తెచ్చిన కాకటువాయిడీస్ (ఎపిస్టోగ్రామా, పొట్టిగా ఎపిస్టో, అనే చిన్న సిక్లిడ్లలో ఒక రకం) జంట బాగానే ఉంది. ఏప్రిల్ నుంచి కొబ్బరి చిప్పలో మూడుసార్లు గుడ్లు పెట్టింది, మూడుసార్లూ రెండో రోజుకి గుడ్లు మాయం. పీహెచ్ తగ్గించే మందు వేస్తే మర్నాటికి మళ్ళీ 8కి వచ్చేస్తోంది. పిల్లలు తియ్యాలంటే ఏం చెయ్యాలి? కరెంటు పోతే ఎలా? పిల్లలు ఎక్కువైతే ఏం చేసుకోవాలి?

సమాధానం: మీ ట్యాంకులో పెద్ద తప్పేం లేదండీ, కాలాలే తారుమారయ్యాయి. వేడి కావాల్సిన చేపని చలికాలంలో తెచ్చారు, వేడి పడని గుడ్లని ఎండాకాలంలో పెట్టించారు. బోరు నీళ్ళ సంగతి దాని తర్వాతది, అయినా అదీ చూడాల్సిందే.

రామ్ అంటే రాముడూ కాదు, పొట్టేలూ కాదు. ఈ చేపని సేకరించినవాళ్ళలో ఒకరైన మాన్యుయెల్ రమిరేజ్ పేరు మీద రమిరేజి అయింది, వాడుకలో రామ్‌గా మిగిలింది. 1948లో శాస్త్రీయంగా వర్ణించారు. వెనిజులా, కొలంబియాల్లో ఒరినోకో నది పరీవాహకంలో ఉండే గడ్డి మైదానాలు దీని ఊరు. లోతు తక్కువ, ఎండ ఎక్కువ, కాబట్టి నీళ్ళు వెచ్చగా ఉంటాయి. 27 నుంచి 30 డిగ్రీలు దీనికి హాయి. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు హీటరు లేని ట్యాంకు 23కి, కిటికీ పక్కనుంటే అంతకన్నా కిందికి దిగుతుంది. ఆ చలికి రామ్ ఒక్క రోజులో చావదు. ముందు రంగు నల్లబడుతుంది, తర్వాత మేత నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది, ఓ మూల నిలబడిపోతుంది, పేగుల్లో అప్పటిదాకా అణిగి ఉన్న పరాన్నజీవులు పెరుగుతాయి. ఇదంతా జరగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మీ లెక్క సరిగ్గా అక్కడే సరిపోయింది.

కాకటువాయిడీస్ కథ దీనికి తిరగేసి ఉంటుంది. పెరూ, పశ్చిమ బ్రెజిల్ వాగుల్లో రాలిన ఆకుల మధ్య బతికే చేప. 24 నుంచి 27 డిగ్రీల్లో సుఖంగా ఉంటుంది, 30 దాకా ఓర్చుకుంటుంది. ఓర్చుకోవడం వేరు, పిల్లల్ని తియ్యడం వేరు. మే నెలలో మన ఇళ్ళలో ట్యాంకు నీళ్ళు 31, 32 ఉంటాయి. ఆ వేడిలో గుడ్ల మీద బూజు, బాక్టీరియా త్వరగా పెరుగుతాయి, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఆడచేప గుడ్లకి రెక్కలతో ఎంత విసిరినా చాలదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ జాతుల్లో పిల్ల ఆడో మగో తేల్చడంలో వేడికి పెద్ద వాటా ఉంది. రోమర్, బైసెన్‌హెర్జ్ అనే జర్మన్ పరిశోధకులు 1996లో ప్రచురించిన పనిలో ఎపిస్టోగ్రామా జాతుల్ని 23, 26, 29 డిగ్రీల్లో పెంచి చూస్తే, వేడి పెరిగినకొద్దీ మగపిల్లల వాటా పెరిగింది. కొన్ని జాతుల్లో పీహెచ్ ప్రభావం కూడా కనిపించింది. గుడ్డు నుంచి మొదలుకుని మొదటి నెల, నెలన్నర లోపలే ఇది తేలిపోతుంది. అంటే మే నెలలో గుడ్లు నిలిచినా మీ చేతికి దాదాపు అన్నీ మగవే వచ్చేవి.

అందుకని మన ఊరికి నేను చెప్పే క్యాలెండరు ఇది. రామ్‌లు మార్చి నుంచి సెప్టెంబరు దాకా హీటరు అక్కర్లేకుండా, మిగతా నెలల్లో 50 వాట్ల హీటరుతో 28 దగ్గర. ఎపిస్టో పిల్లలు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఎండాకాలంలో ఎపిస్టోలని బతికించుకుంటే చాలు, గుడ్ల కోసం తొందరపెట్టకండి.

ఇప్పుడు నీళ్ళు. మీ పీహెచ్ మందు ఎందుకు పనిచెయ్యట్లేదంటే, పులిసిన మజ్జిగలో వంటసోడా వేస్తే పులుపు చచ్చిపోతుంది కదా, అదే మీ ట్యాంకులో జరుగుతోంది. కేహెచ్ 14 అంటే నీళ్ళలో బైకార్బొనేట్లు దండిగా ఉన్నాయి. మీరు వేసిన ఆమ్లాన్ని అవి మింగేస్తాయి, కార్బన్ డయాక్సైడు బుడగలుగా పోతుంది, పొద్దున్నకి పీహెచ్ మళ్ళీ మొదటికే. రోజూ వేస్తే రోజూ ఊగుతుంది. చేపకి పీహెచ్ 7.8 కన్నా 6.5కీ 8కీ మధ్య ఊగడమే ఎక్కువ హాని. ఆ సీసా పక్కన పెట్టేయండి. నీళ్ళకి కాస్త ఆమ్లం ఇచ్చే ఎండు బాదం ఆకులు వేసినా ఈ నీళ్ళలో రంగు మారుతుందే గానీ పీహెచ్ కదలదు. ముందు బైకార్బొనేట్లు తగ్గాలి, అంటే ఆర్‌ఓ నీళ్ళు కలపాలి.

ఇంట్లో తాగే ఆర్‌ఓ చాలు. కానీ ఒకటి చూసుకోండి. చాలా ఆర్‌ఓల్లో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న స్క్రూ ఉంటుంది, అది శుద్ధి కాని నీళ్ళని కాస్త తెచ్చి కలుపుతుంది. దాని తర్వాత మినరల్ క్యాట్రిడ్జి ఒకటి పీహెచ్ పెంచుతుంది. మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చే పైపు దగ్గరే ట్యాంకుకి నీళ్ళు పట్టండి. అక్కడ టీడీఎస్ 20 నుంచి 40 మధ్య ఉంటే మెంబ్రేన్ బాగున్నట్టే, 80 దాటితే మార్చే రోజులొచ్చాయి. 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు కొంటే ఏ ప్లాంటుదైనా ప్రతిసారీ టీడీఎస్ పెన్ను ముంచి చూడండి.

కలిపే లెక్క: బోరు 700, ఆర్‌ఓ 30, కావాల్సింది 120 చుట్టూ. 20 లీటర్ల బకెట్టుకి రెండు ముప్పావు లీటర్ల బోరు నీళ్ళు, మిగతా పదిహేడుంబావు ఆర్‌ఓ. కేహెచ్ కూడా అదే నిష్పత్తిలో తగ్గి 2 దగ్గర నిలుస్తుంది. ఆ నీళ్ళలో బాదం ఆకులు వేస్తే పీహెచ్ తనంతట తానే ఏడుకి కాస్త కిందికి వచ్చి అక్కడే ఉంటుంది. రామ్‌కీ కాకటువాయిడీస్‌కీ ఇంతకన్నా మంచి నీళ్ళు అక్కర్లేదు.

మీరున్నది సముద్రానికి దగ్గర కాబట్టి ఇంకో పరీక్ష కూడా చెయ్యండి. టీడీఎస్ 700 ఉన్నా అందులో కాల్షియం ఎంత, మామూలు ఉప్పు ఎంత అన్నది పెన్ను చెప్పదు. జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియంల కొలత) కిట్టుతో చుక్కలు లెక్కపెట్టండి. టీడీఎస్ ఎక్కువుండి జీహెచ్ మరీ తక్కువగా వస్తే అందులో ఎక్కువ భాగం సోడియం లవణాలే అన్నట్టు. అప్పుడు కలపడానికి బోరు బదులు జీవీఎంసీ (నగర కార్పొరేషన్) కుళాయి నీళ్ళు వాడండి. దానికి క్లోరిన్ పోయే హైపో చుక్కలు వెయ్యడం మర్చిపోకూడదు. కుళాయి నీళ్ళ టీడీఎస్ వేరుగా ఉంటుంది కాబట్టి నిష్పత్తి మళ్ళీ లెక్కగట్టుకోవాలి.

ఇప్పుడున్న చేపల్ని ఒక్కసారిగా 700 నుంచి 120కి దించకండి. వారానికి రెండుసార్లు, ప్రతిసారీ ఐదోవంతు నీళ్ళు తీసి పై మిశ్రమం పొయ్యండి. ఎనిమిది మార్పులకి, అంటే నాలుగు వారాలకి, ట్యాంకు 220 చుట్టూ వస్తుంది. కాకటువాయిడీస్ గుడ్లు అక్కడే నిలవడం మొదలవ్వాలి. అక్కణ్ణుంచి వారానికి ఒకసారి మారిస్తే చాలు. ఎండాకాలంలో ఆవిరైన నీటి బదులు మాత్రం వట్టి ఆర్‌ఓ నీళ్ళే పొయ్యాలి. ఆవిరయ్యేది నీరే గానీ ఉప్పు కాదు. పైపైన బోరు నీళ్ళతో నింపుతూ పోతే రెండు నెలల్లో మళ్ళీ 500 చూస్తారు.

మెత్తబడిన నీళ్ళతో ఒక కొత్త ప్రమాదం కూడా వస్తుంది, ఇది చాలామందికి తెలియక చేపలు పోగొట్టుకుంటారు. ఫిల్టరులోని బాక్టీరియా అమ్మోనియాని మార్చేటప్పుడు కేహెచ్‌ని తింటుంది. కేహెచ్ సున్నాకి చేరితే పీహెచ్ 6 కిందికి జారుతుంది, ఆ బాక్టీరియా దాదాపు పని ఆపేస్తుంది. అమ్మోనియా పేరుకుంటుంది, కానీ ఆమ్ల జలంలో అది అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి చేపలకి ఏమీ కాదు, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అప్పుడెవరో వచ్చి ట్యాంకు మురికిగా ఉందని సగం తీసి పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్ళు పోస్తారు. పేరుకున్నదంతా నిమిషాల్లో విషపు అమ్మోనియా అవుతుంది, సాయంత్రానికి ట్యాంకు ఖాళీ. వారానికోసారి కేహెచ్ చూసి 1 కిందికి పోనివ్వకండి. తగ్గితే మారుస్తున్న నీళ్ళలో బోరు వాటా ఓ అరలీటరు పెంచండి.

ట్యాంకు అడుగున ఆర్కే బీచ్ ఇసుక ఉచితమే కదా అని వెయ్యొద్దు. అందులో గవ్వల పొడి ఉంటుంది, మీరు ఆర్‌ఓతో తీసేసిన కాల్షియాన్ని అది మళ్ళీ కలుపుతుంది, ఉప్పు సంగతి సరేసరి. ప్లాస్టరింగ్‌కి జల్లించిన ఏటి ఇసుక ఏడు కిలోలు చాలు, మీ ట్యాంకుకి అంగుళం మందం వస్తుంది. బకెట్టులో చేత్తో కలియబెడుతూ నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. చెంచాడు ఇసుక మీద వెనిగర్ పోసి చూడండి, బుడగలొస్తే అది పనికిరాదు. ఇసుకే ఎందుకు, రంగు గులకరాళ్ళు ఎందుకు కాదు అంటే, ఈ చేపలు ఇసుకని నోట్లోకి తీసుకుని జల్లించి మొప్పల్లోంచి వదులుతూ మేత ఏరుకుంటాయి. రాళ్ళ సందుల్లో పడిన మేతని అందుకోలేవు, అది అక్కడే కుళ్ళుతుంది.

బాదం ఆకులకి డబ్బు పెట్టి ఆన్‌లైన్లో కొనడం మన ఊళ్ళో నవ్వొచ్చే పని. ఏ కాంపౌండు గోడ పక్కన చూసినా బాదం చెట్టే. చెట్టు మీద పండి రాలి, పూర్తిగా ఎండి గోధుమరంగుకి వచ్చిన ఆకులే ఏరండి. పచ్చివి, పురుగుమందు కొట్టినవి, రోడ్డు మసి పట్టినవి వద్దు. కడిగి వేస్తే రెండు మూడు రోజుల్లో మునుగుతాయి, తొందరైతే ఒక పొంగు వచ్చేదాకా మరిగించండి. 25 లీటర్లకి ఒక పెద్ద ఆకు, నెలకోసారి కొత్తది. ఈ ఆకుల మీద పట్టే పాచిలో ఉండే కంటికి కనిపించని జీవులే పిల్లలకి మొదటి చిరుతిండి.

కొబ్బరి చిప్ప మంచి గుహ. కొబ్బరి పూర్తిగా గీకి, అరగంట మరిగించి, నీళ్ళు మార్చి మళ్ళీ అరగంట మరిగించాలి. లేకపోతే నూనె పైకి తేలి తెట్టు కడుతుంది. గుమ్మం రెండున్నర, మూడు సెంటీమీటర్లకి మించకూడదు. ఆడది దూరాలి, మగది మొహం పెట్టగలిగితే చాలు. గుమ్మం లైటుకి ఎదురుగా కాకుండా వెనక గోడ వైపో పక్కకో తిప్పండి. ఒక్కో ఆడచేపకి రెండేసి గుహలు ఉండాలి, ఒకటి నచ్చకపోతే ఇంకోటి. రామ్‌లకి గుహలు అక్కర్లేదు, బల్లపరుపు రాయి మీదో బోర్లించిన మట్టి ప్రమిద మీదో బాహాటంగా పెడతాయి.

మీ రెండడుగుల ట్యాంకులో కాకటువాయిడీస్ ఒక్క జంటే. ఒక మగ, ఇద్దరు ఆడవాళ్ళ సంసారం అని చదివి ఉంటారు, అది నిజమే గానీ దానికి మూడడుగుల నేల కావాలి. ఒక్కో ఆడది గుహ చుట్టూ అడుగు మేర తనదంటుంది. ఎత్తు ఎంతున్నా లాభం లేదు. ఈ చేపలకి ట్యాంకు అంటే నేల వైశాల్యమే.

గుడ్లు రెండో రోజుకి ఎందుకు మాయమవుతున్నాయో తేల్చుకోవాలంటే, ఈసారి పెట్టిన ముప్పై గంటలకి ఫోను లైటు ఒక్క క్షణం వేసి చిప్ప కప్పు వైపు చూడండి. గుడ్లు ఎర్రగా, లోపల తేటగా ఉంటే ఫలదీకరణ జరిగింది. సున్నం ముద్దల్లా తెల్లబడితే జరగలేదు, లేదా వేడికీ నీళ్ళకీ చచ్చిపోయాయి. తెల్లబడినవాటిని తల్లే తినేస్తుంది, అది తప్పు కాదు, శుభ్రం చేసుకుంటోంది. ఎర్రగా ఉన్నవి కూడా రాత్రికి రాత్రే పోతే దొంగ వేరే ఉన్నాడు. ట్యాంకులో అడుగున తిరిగే కోరీలు, ప్లీకో లాంటి చేపలుంటే వాటినే అనుమానించండి. పగలు తల్లి తరిమేస్తుంది, చీకట్లో దానికి కనిపించదు, వాటికి కళ్ళతో పనిలేదు. తీసి వేరే ట్యాంకులో వెయ్యండి. ఏ దొంగా లేకపోతే కొత్త తల్లి మొదటి రెండు మూడు కాన్పులు పోగొట్టడం మామూలే. మీ వివరాల్ని బట్టి నాకైతే మొదటి కారణమే కనిపిస్తోంది: 32 డిగ్రీలు, టీడీఎస్ 700.

నవంబరు వచ్చాక పని ఇలా మొదలుపెట్టండి. పది రోజులు మేత బాగా పెట్టండి: బ్రతికున్న ఆర్టీమియా (ఉప్పునీళ్ళలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి), ఫ్రోజెన్ బ్లడ్‌వర్మ్స్, కుండీలో పెంచిన దోమ లార్వాలు. లార్వాల తొట్టికి మెష్ కట్టడం మరవకండి, చేపలకి మేత అని చెప్పి పక్కింటివాళ్ళకి డెంగీ తేకూడదు కదా. మురిక్కాలవల్లో పట్టే ట్యూబిఫెక్స్ పురుగులు వద్దు, ఎంత కడిగినా వాటితో రోగం రావచ్చు. తర్వాత రెండు రోజులు వరసగా పావువంతు నీళ్ళు మార్చండి, కొత్త నీళ్ళు ట్యాంకు కన్నా రెండు డిగ్రీలు చల్లగా, టీడీఎస్ కాస్త తక్కువగా ఉండాలి. వాన పడిందనుకుంటాయి. ఆడచేప పసుపు ముద్దలా మారి, నల్ల గీత, నల్ల రెక్కల అంచు తేలి, మగదాని ముందు పొట్ట వంచి చూపిస్తే రెండు మూడు రోజుల్లో గుడ్లు.

నలభై నుంచి వంద గుడ్లు. 26 డిగ్రీల్లో మూడు నాలుగు రోజులకి పొదుగుతాయి, తోక ఆడిస్తూ అక్కడే అంటుకుని ఇంకో నాలుగైదు రోజులుంటాయి. ఈలోపు తల్లి వాటిని నోట పట్టి ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి మార్చవచ్చు. తినేసిందని కంగారుపడి చిప్ప ఎత్తకండి. తొమ్మిదో పదో రోజున పిల్లల గుంపుతో బయటికొస్తుంది. గుడ్లు పెట్టినప్పటి నుంచి మగదాన్ని అది దగ్గరికి రానివ్వదు. రెండడుగుల ట్యాంకులో మగదానికి పారిపోయే చోటుండదు, రెక్కలు చిరుగుతున్నాయంటే ఆలస్యం చెయ్యకుండా తీసెయ్యండి. అలాగని ట్యాంకు పూర్తిగా ఖాళీగా ఉంచకండి. పైన తిరిగే పెన్సిల్ చేపలో చిన్న టెట్రాలో నాలుగైదు ఉంటే తల్లి ధైర్యంగా బయట తిరుగుతుంది, కాపలా మీద శ్రద్ధ పెడుతుంది. అవి కొన్ని పిల్లల్ని తింటాయి, ఆ నష్టానికి సిద్ధపడాలి.

పిల్లలు ఈదడం మొదలైన రోజుకి ఆర్టీమియా తయారుగా ఉండాలి, ఇక్కడ ఒక్క రోజు ఆలస్యమైనా లెక్క తప్పుతుంది. ఈ విషయంలో మన కోస్తా అదృష్టం. భీమిలి నుంచి కిందికి రొయ్యల హేచరీలు వరసగా ఉన్నాయి, వాళ్ళు టిన్నులకి టిన్నులు ఆర్టీమియా గుడ్లు వాడతారు. హేచరీ సరుకు అమ్మే దుకాణంలో మంచి రకం దొరుకుతుంది, అక్వేరియం షాపుల్లో పొట్లం కట్టిన పాత సరుకుకన్నా ఎన్నో రెట్లు నయం. టిన్ను పెద్దది కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కుని, తేమ లేని చిన్న సీసాల్లో పోసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. తేమ తగిలితే పొదగవు.

లీటరు కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టండి. లీటరు నీళ్ళకి 25 గ్రాముల కల్లుప్పు, చిటికెడు వంటసోడా, పావు చెంచా ఆర్టీమియా గుడ్లు. అడుగుదాకా వెళ్ళే గాలి గొట్టం, దగ్గరలో ఒక లైటు. మన ఊరి వేడికి ఇరవై నుంచి ఇరవై నాలుగు గంటల్లో నారింజరంగు దుమ్ములా కదులుతూ కనిపిస్తాయి. గాలి ఆపి పది నిమిషాలు వదిలితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కిందికి దిగుతాయి. అడుగు నుంచి సన్నగొట్టంతో లాగి, పల్చటి రుమాల్లో వడకట్టి, మంచినీళ్ళతో కడిగి, సిరంజితో గుంపు దగ్గర వదలండి. పెంకులు కలిసిపోతే చేపపిల్లలు మింగి పేగు మూసుకుపోతుంది, అందుకే ఈ వడకట్టడంలో బద్ధకం పనికిరాదు. రోజుకి మూడు నాలుగు సార్లు, కొంచెం కొంచెం. పొట్టలు నారింజ రంగుకి వస్తే తిన్నట్టు. ప్రతిరోజూ రెండు సీసాలు ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటే ఎప్పుడూ తాజావి దొరుకుతాయి. పొదిగాక గంటలు గడిచినకొద్దీ వాటిలో పోషకం తగ్గిపోతూ ఉంటుంది.

రామ్ పిల్లలు ఇంకా చిన్నవి. మొదటి రెండు మూడు రోజులు వెనిగర్‌లో పెరిగే కంటికి ఆనని సన్నటి పురుగులో, పాత బాదం ఆకుల మీది పాచిలో ఉండే సూక్ష్మజీవులో ఇచ్చి తర్వాత ఆర్టీమియాకి మారండి. రామ్ గుడ్లు 28, 29 డిగ్రీల్లో రెండున్నర రోజులకే పొదుగుతాయి, ఇంకో నాలుగైదు రోజులకి ఈదుతాయి. తల్లీతండ్రీ ఇద్దరూ కాపలా కాస్తాయి, కనీసం అలా కాయాలి. ఫారాల్లో తరతరాలుగా గుడ్లు తీసేసి విడిగా పొదిగించిన వంశాలు కాబట్టి చాలా జంటలకి ఆ తెలివి చచ్చిపోయింది. లైటు ఒక్కసారిగా ఆరిపోవడం కూడా ఒక కారణం. గదిలో జీరో వాట్ బల్బు రాత్రంతా వెలగనివ్వండి. నాలుగు కాన్పులు వరసగా తింటే, ప్రమిదని గుడ్లతో సహా అదే ట్యాంకు నీళ్ళున్న ఐదు లీటర్ల డబ్బాలోకి మార్చి, నీళ్ళు లేత నీలం వచ్చేంత మిథిలీన్ బ్లూ వేసి, ఎయిర్ స్టోన్ గుడ్లకి పక్కన పెట్టండి. బుడగ నేరుగా తగలకూడదు. తెల్లబడినవి సిరంజితో ఏరెయ్యండి.

పిల్లల ట్యాంకులో రోజూ పదోవంతు నీళ్ళు గాలి గొట్టంతోనే తీసి, అదే టీడీఎస్ ఉన్న నీళ్ళు సన్నటి ధారగా పొయ్యాలి. బకెట్టుతో గుమ్మరిస్తే మిగలవు. రెండో వారం నుంచి మూడో వారం మధ్య పిల్లలు ఉన్నట్టుండి తగ్గిపోతున్నాయంటే, చాలా కేసుల్లో మిగిలిపోయిన మేత కుళ్ళి నైట్రైటు వచ్చినట్టే. హ్యాంగింగ్ ఫిల్టరు వద్దు, పిల్లల్ని లాగేస్తుంది. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు ఒక్కటి చాలు, పిల్లలు దాని మీది పాచిని కూడా తింటాయి.

రామ్‌లు మళ్ళీ కొంటే షాపులో ఎలా ఏరాలో చెప్తాను. మన షాపులకి చేపలు చాలావరకు చెన్నై కొలత్తూరు నుంచి, కలకత్తా నుంచి వస్తాయి. లోడు వచ్చిన రోజున కొనకండి, వారం పది రోజులు షాపులో నిలబడ్డవాటిని, మీ ఎదుట మేత తిన్నవాటిని తీసుకోండి. రెండు సెంటీమీటర్ల పిల్ల పెద్దదానిలా ధగధగలాడుతుంటే హార్మోను పెట్టి ఉండవచ్చు, అలాంటివి తర్వాత గుడ్లు పెట్టకపోవచ్చు. నడుం కిందికి పొట్ట లోపలికి పోయినవి, తెల్లటి దారంలా విసర్జించేవి వద్దు. బెలూన్ రామ్ అనే గుండ్రటిది అసలు వద్దు, వంకర వెన్నెముకని అందం పేరుతో అమ్ముతున్నారు. ఆడదానికి పొట్ట గులాబీరంగు, ఒంటి మీది నల్లమచ్చలో నీలి చుక్కలు ఉంటాయి. మగదానికి వీపు రెక్క ముందు ముళ్ళు పొడుగ్గా సాగుతాయి. షాపు నీళ్ళ టీడీఎస్ అడిగి, కాదు కొలిచి, తేడా ఎక్కువుంటే రెండు గంటలు చుక్కచుక్కగా కలపండి. మూడు వారాలు విడి ట్యాంకులో ఉంచాకే అసలు ట్యాంకులోకి.

ఆ మూడు వారాల్లో రెండు రోగాలు కనిపెట్టి చూడాలి. తెల్ల దారం విసర్జన, మేత ఉమ్మడం ఉంటే 50 లీటర్లకి 400 మిల్లీగ్రాముల మెట్రొనిడజోల్ మాత్ర ఒకటి పొడి చేసి, రోజు మార్చి రోజు మూడుసార్లు వెయ్యండి. ప్రతిసారీ ముందు పావువంతు నీళ్ళు మార్చాలి, ఫిల్టరులో కార్బన్ ఉంటే తీసెయ్యాలి. ఇంకా తింటున్న చేపకి మందు మేతలో కలిపితే ఇంకా బాగా పనిచేస్తుంది. విసర్జన ద్వారం దగ్గర ఎర్రటి సన్నని దారాలు వేలాడితే అవి కమల్లానస్ పురుగులు. పశువుల మందుల షాపులో దొరికే లెవమిసోల్, లీటరుకి 2 మిల్లీగ్రాములు, లైటు ఆర్పి ఒక రోజు. తర్వాత అడుగంతా సైఫన్ చేసి సగం నీళ్ళు మార్చండి. రెండు మూడు వారాలకి ఇంకోసారి చెయ్యకపోతే మళ్ళీ వస్తాయి. ఆ మందులో ఇంకేదైనా కలిసి ఉందేమో లేబులు చదివి తీసుకోండి.

ఎండాకాలంలో ఎపిస్టోల కోసం: నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను పెడితే హైదరాబాదులో నాలుగు డిగ్రీలు దిగుతుంది, మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఒకటిన్నర, రెండు దిగితే గొప్ప. మూత తీస్తే దోమల మెష్ కప్పండి, ఇవి దూకుతాయి. ఐసు సీసా వెయ్యొచ్చు గానీ లెక్క తెలుసుకుని: లీటరు ఐసు మీ 50 లీటర్లని రెండు డిగ్రీలకు పైగా దించుతుంది, కరిగాక గది వేడి మళ్ళీ పైకి లాగుతుంది. అరలీటరు సీసా మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. అన్నిటికన్నా సులువు, రాత్రి ఏసీ వేసే గదిలో ట్యాంకు పెట్టుకోవడం. బోరెల్లీ అనే ఎపిస్టో అందంగా ఉందని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. అది పరాగ్వే నది ప్రాంతపు చేప, చల్లదనం కోరుతుంది. అరకులో ఉంటే వేరే సంగతి. అగాసిజీ అనే ఇంకో ఎపిస్టో మీకు రెండో ఏడాది పని, దాని పిల్లలకి ఇంకా మెత్తటి, ఇంకాస్త ఆమ్లం ఉన్న నీళ్ళు కావాలి.

కరెంటు గురించి. మీ ఎపిస్టో కాన్పులు మొదలయ్యేది మన తుఫాన్ల కాలంలోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరానికి రోజుల తరబడి కరెంటు లేదు. ఎయిర్ పంపుకి మూడు నుంచి ఐదు వాట్లు చాలు, కాబట్టి దాన్ని ఇన్వర్టరు లైనుకి కలపండి. అది కూడా అయిపోతే సెల్‌లతో నడిచే చిన్న పంపు ఒకటి అల్మారాలో ఉండాలి. పంపు నీటి మట్టం కన్నా పైన పెట్టండి, లేదా గొట్టంలో చెక్ వాల్వు వెయ్యండి. లేకపోతే కరెంటు పోగానే నీళ్ళు వెనక్కి లాగి పంపులోకి, అక్కణ్ణుంచి నేల మీదికి వస్తాయి. కరెంటు లేనన్నాళ్ళు పెద్దవాటికి మేత పూర్తిగా ఆపెయ్యండి, వారం రోజులు తినకపోయినా ఏం కాదు. చిన్నపిల్లలకి మాత్రం ఆపలేరు, సగానికి తగ్గించి, చెంబుతో నీళ్ళు ఎత్తి పోస్తూ ఉండండి.

పిల్లలు రెండు, రెండున్నర నెలలకి ఆడామగా తేలుతాయి, ఐదారు నెలలకి గుడ్లకి వస్తాయి. అంతకుముందే, రెక్కల చివర్లు పొడుగు తేలిన పెద్ద మగవాటిని విడదియ్యండి. కొన్ని చిన్న మగవి ఆడవాటిలా రంగు వేసుకుని గుంపులో దాక్కుంటాయి, వాటిని నమ్మి జంటలుగా అమ్మితే కొన్నవాళ్ళు తిడతారు. వైజాగ్ షాపులు ఇంట్లో పెంచిన కాకటువాయిడీస్‌ని సంతోషంగానే తీసుకుంటాయి, డబ్బుకన్నా మేతకీ సరుకుకీ మార్పిడిగా ఇస్తారు. మీకోసం ఉంచుకునే జంట మాత్రం ఒకే కాన్పు పిల్లలై ఉండకూడదు, మగది మీదైతే ఆడది వేరే చోటి నుంచి తెచ్చుకోండి. ఎక్కువయ్యాయని ముడసర్లోవలోనో గంభీరంలోనో వదలొద్దు. అవి జనం తాగే నీళ్ళ చెరువులు, పైగా మన చేపలున్న చోటు. మిగిలినవాటిని ఇంకో ట్యాంకు పెట్టుకోగలిగేదాకా కాన్పులు ఆపెయ్యాలంటే, గుహలు తీసేస్తే చాలు.